పాలిషింగ్ ఫ్యాక్టరీకి ఈఎస్జీ ఫారం పంపారు, సంతకం పెట్టాలా?

ప్రశ్న: లాయర్ గారూ, చీమకుర్తి దగ్గర మాకు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది, 18 మంది పనోళ్లు, సగం మంది ఒడిశా వాళ్లే. మా దగ్గర పలకలు కొనే బెంగళూరు బిల్డర్ (షేర్ మార్కెట్లో లిస్టెడ్ కంపెనీ) ఆరు పేజీల ఈఎస్జీ ఫారం (పర్యావరణం, పనోళ్ల బాగోగులు, గవర్నెన్స్ అంటే కంపెనీ నడిపే తీరు మీద ప్రశ్నలు) పంపి, సంతకం పెడితేనే తర్వాతి ఆర్డర్ అంటున్నాడు. మాలాంటి చిన్నోళ్లకి ఇది కంపల్సరీనా?

జవాబు: కాదండీ. రిపోర్టు ఇచ్చే గొడవ ఆ బిల్డర్‌ది. షేర్ మార్కెట్‌ని చూసే సెబీ 2021లో తెచ్చిన బీఆర్ఎస్ఆర్ అనే ఈఎస్జీ రిపోర్టు 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి తప్పనిసరి, సరుకిచ్చేవాళ్ల సంగతులు కూడా అందులోకి వస్తున్నాయి కాబట్టి పెద్దోళ్లు ఆ కాగితాలు మీ మీదకి తోస్తున్నారు. అట్లాగని చించి పారేయొద్దు, ఆర్డర్ ఇవ్వడం మానేస్తే కోర్టుకెళ్లి ఇప్పించలేం.

నా భయం మీరు సంతకం పెట్టరని కాదు, చదవకుండా పెట్టేస్తారని. చట్టం అడగని కాగితమైనా ఒకసారి సంతకం పడ్డాక అది మీ ఒప్పందంలో భాగమే. నా క్లయింటు ఒకాయన ప్రతి గడిలో ‘ఎస్’ టిక్కు కొట్టి పంపించాడు, నీళ్లు వంద శాతం రీసైకిల్ అని కూడా, తీరా వాళ్ల ఆడిటర్ వచ్చి చూస్తే కాంపౌండ్ గోడ వెనకాల స్లర్రీ (రాయి పొడి కలిసిన బురద నీళ్లు) ఎండి తెల్లగా గుట్ట పడి ఉంది. ఆర్డర్ పోయింది, పైగా నష్టపరిహారం నోటీసు. ‘సెట్లింగ్ ట్యాంకు (ఆ బురదని అడుక్కి దించే తొట్టి) కడుతున్నాం, ఫలానా నెలకి అవుద్ది’ అని రాసుంటే పోయేది కాదు.

ఇంకోటి, ఆ ఫారంలో సగం ప్రశ్నలు మీకు ఎప్పటినుంచో వర్తించే చట్టాలే. పొల్యూషన్ బోర్డు కన్సెంట్ (అనుమతి) గడువు చూసుకోండి. 10 మంది దాటారు కాబట్టి ఈఎస్ఐ ఉండాలి, ఆడవాళ్ల ఫిర్యాదులకి 2013 చట్టం ప్రకారం ఇంటర్నల్ కమిటీ కూడా వేయాలి, లేకపోతే 50,000 దాకా జరిమానా. పీఎఫ్ 20 మందికి కదా మేం 18 మందే అంటారేమో, లోడింగ్‌కి మేస్త్రీ తెచ్చే వాళ్లని లెక్కేశారా? వాళ్లూ లెక్కలోకొస్తారు, మేస్త్రీ కట్టకపోతే మీ మెడకే చుట్టుకుంటది. రాయి పొడికి మాస్కులు కొన్న బిల్లులు, పనోళ్లకి చేయించిన ఊపిరితిత్తుల టెస్టు రిపోర్టులు ఒక ఫైల్లో పెట్టండి, ఆడిటర్ మొదట అడిగేది అవే.

చివరి పేజీలో ‘ఇండెమ్నిటీ’ (వాళ్లకి నష్టమొస్తే మీరు కట్టాలనే షరతు) అని ఉంటే సంతకానికి ముందు ఎవరన్నా లాయర్‌కి చూపించండి. ‘మాకు తెలిసినంత మేరకు’ అనే మాట చేర్పించమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

వాళ్లు మిమ్మల్ని గవర్నెన్స్ గురించి అడుగుతున్నారు కదా, మీరూ అడగండి డబ్బులెప్పుడిస్తారని. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) ఉంటే 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, దాటితే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. ఫారంతో పాటే పాత బిల్లుల లిస్టు కూడా మెయిల్లో పెట్టి పంపించండి.