చుక్కలు ఆపండి, స్ప్రే కాదు

ప్రశ్న: నా వయసు 34. ఏళ్ల తరబడి పొద్దున లేవగానే వరుసగా ఇరవై తుమ్ములు, ముక్కు నీళ్లలా కారడం, కళ్లు, అంగిలి దురద. వానలు పడితే మరీ ఎక్కువ. రాత్రి ముక్కు దిబ్బడకు జైలోమెటాజోలిన్ చుక్కలు వేసుకుంటేగానీ నిద్ర పట్టదు, మూడు నెలలుగా ఇదే. డాక్టరు ఫ్లుటికాసోన్ స్ప్రే రాస్తే నాలుగు రోజులు వాడాను. గుణం లేదు, పైగా రక్తపు చార కనిపించింది. స్టెరాయిడ్ అని భయపడి ఆపేశాను.
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: దురద, వరుస తుమ్ములు, నీళ్లలాంటి చీమిడి ఇన్నేళ్లుగా ఉన్నాయంటే అది జలుబు కాదు, అలర్జీ. కానీ రాత్రి దిబ్బడకు ఇప్పుడు ఆ చుక్కలే ముఖ్య కారణమని మా అనుమానం. అవి ముక్కులోని రక్తనాళాలను బిగిస్తాయి. మందు ప్రభావం తగ్గగానే నాళాలు మునుపటికన్నా ఉబ్బుతాయి, మళ్లీ చుక్కలు కావాలనిపిస్తుంది. అందుకే 5 రోజులు దాటి వాడకూడదు. ముందు ఒక రంధ్రంలో ఆపి, అది తెరుచుకున్నాక రెండోదాంట్లో ఆపండి. మొదటి వారం కష్టంగానే ఉంటుంది, ఓర్చుకోవాలి.

ఆ వారం గట్టెక్కించేది మీరు వదిలేసిన స్ప్రేనే. డాక్టరుకు చెప్పి మళ్లీ మొదలుపెట్టండి. పూర్తి గుణం తెలియడానికి 2 వారాలు పట్టొచ్చు, అదీ రోజూ వాడితేనే. పెద్దలకు మామూలుగా ఒక్కో రంధ్రంలో రెండుసార్లు, రోజుకొక పూట. ఒక్కో తుంపరలో 50 మైక్రోగ్రాములే ఉంటుంది, రక్తంలో చేరేది అతి స్వల్పం. స్టెరాయిడ్ మాత్రలతో దీన్ని పోల్చొద్దు. కంట్లో శుక్లాలు, గ్లకోమా ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

రక్తం ఎందుకు వచ్చిందంటే, బహుశా స్ప్రే మొన ముక్కు దూలానికి (రెండు రంధ్రాల మధ్య గోడకు) తగిలేలా పెట్టి ఉంటారు. ముక్కు చీది, తల కాస్త ముందుకు వంచండి (వెనక్కి వాల్చితే మందంతా గొంతులోకి జారి చేదు తగులుతుంది). కుడి రంధ్రానికి ఎడమ చేయి, ఎడమ రంధ్రానికి కుడి చేయి వాడండి. అప్పుడు మొన దానంతటదే బయటికి, చెవి వైపుకు తిరుగుతుంది. నొక్కుతూ మెల్లగా పీల్చండి, ఎగపీల్చొద్దు. కొత్త సీసా అయితే ముందు సన్నని తుంపర వచ్చేదాకా గాల్లోకి కొట్టాలి. ఇలా చేసినా రక్తం వస్తుంటే ఆపి, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

వానల తర్వాత ఖాళీ స్థలాల్లో నడుములోతు పెరిగే వయ్యారిభామ పుప్పొడి ఈ అలర్జీకి పేరుమోసిన కారణం. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకించండి, మీరు మాత్రం ముట్టుకోవద్దు. చెనక్కాయలు కొట్టే కల్లం దుమ్ముకూ దూరంగా ఉండండి. పొద్దుటి తుమ్ములు పరుపులోని దుమ్ము పురుగుల వల్ల కావచ్చు. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. ఎండలో వేస్తే చాలదు, పురుగులు చచ్చినా అలర్జీ తెచ్చే వాటి మలం గుడ్డలోనే ఉంటుంది. పిల్లికూతలు, రాత్రి దగ్గు కూడా ఉంటే ఉబ్బసం పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: ఉప్పునీళ్లతో ముక్కు కడిగితే మండుతోంది. బోరు నీళ్లు వాడొచ్చా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: నేరుగా బోరు నీళ్లు వద్దు, ఫిల్టరు నీళ్లు కూడా కాచకుండా వద్దు. అరుదుగానైనా నీటిలోని ఒకరకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. 5 నిమిషాలు తెర్లకాచి, గోరువెచ్చగా చల్లార్చండి. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా మండుతుంది. లీటరుకు 9 గ్రాములు, అంటే చెంచాను చదును చేసి కొలిచిన ఒకటిన్నర టీస్పూన్లు సరిపోతుంది. మిగిలిన నీళ్లు మర్నాటికి దాచొద్దు.