పియానో కోసం ఉద్యోగం మానేద్దామనుకుంటున్న బుజ్జికి

బుజ్జీ,

ఉద్యోగం మానేసి పూర్తిగా జాజ్ పియానోలోకి దిగుతాననీ, సొంత బాణీలు కడతాననీ రాశావు. మీ నాన్న ఫోన్ చేసి టెన్షన్ పడుతున్నాడు. నిన్ను ఆపడానికి మాత్రం నేనీ ఉత్తరం రాయడం లేదు. దిగు. నీ చెవి మంచిది, అది నీ చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. కానీ ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. ఎందుకంటావా? నువ్వు రోజూ వింటున్న అమెరికన్ జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ బతుకు ఎలా గడిచిందో ఒకసారి చూడు.

ఆయన 1917లో నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్‌లో పుట్టాడు. ఐదేళ్లు నిండకముందే తల్లి న్యూయార్క్ తీసుకెళ్లింది. 1940ల మొదట్లో ఆ ఊళ్లోనే హార్లెంలోని మింటన్స్ ప్లేహౌస్‌లో క్లబ్బు సొంత బ్యాండుకి ఆయనే పియానిస్టు. బీబాప్ అనే కొత్త జాజ్ శైలి రూపు దిద్దుకున్న చోట్లలో అదొకటి. అయినా సొంత పేరుతో బ్లూ నోట్ కంపెనీలో మొదటి రికార్డింగ్ చేసేసరికి 1947 వచ్చింది, ముప్పై ఏళ్లు నిండాయి. ఆ రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. 1951లో తోటి పియానిస్టు బడ్ పవెల్‌తో పాటు మత్తుమందుల కేసులో ఇరుక్కున్నాడు. జైలుకెళ్లడం ఒక ఎత్తు, కేబరే కార్డు పోవడం ఒక ఎత్తు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులిచ్చే ఆ కార్డు ఉండి తీరాలి. అప్పట్లో జాజ్ బతికిందే ఆ క్లబ్బుల్లో. 1957 దాకా కార్డు తిరిగి రాలేదు.

ఆ ఆరేళ్ల గురించే నీకు చెప్పాలనుకున్నాను. మంక్ తన వాయింపు మార్చుకోలేదు. ఇంట్లో కూర్చుని రాశాడు, దొరికిన రికార్డింగులు చేశాడు. 1956లో ‘బ్రిలియంట్ కార్నర్స్’ రికార్డు చేశారు. ఆ పాట ఎంత కష్టమంటే, స్టూడియోలో పాతిక సార్లు ప్రయత్నించినా మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారీ సరిగ్గా రాలేదు. చివరికి ముక్కలు అతికించి విడుదల చేశారు. మరుసటి ఏడు కార్డు వచ్చాక ఫైవ్ స్పాట్ అనే క్లబ్బులో శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్‌తో నెలల తరబడి వాయించాడు. అప్పుడుగానీ జనం ఆయన కోసం క్యూ కట్టలేదు. 1964లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసింది.

మరి ఆ కరువు రోజుల్లో ఇంటి అద్దె ఎవరు కట్టారు? భార్య నెల్లీ. ఆవిడ ఉద్యోగం చేసి, కుట్టుపని చేసి సంసారం ఈదింది. ఆవిడ జబ్బుపడినప్పుడు మంక్ రాసిన ‘క్రెపస్క్యూల్ విత్ నెల్లీ’ నువ్వు వినే ఉంటావు. అందులో మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు అల్లుకోవడానికి, చోటు పెట్టలేదు, ప్రతి స్వరం రాసిందే. ఆ పాట విన్నప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. నీకు నెల్లీ లేదు తల్లీ. నీ జీతమే నీ నెల్లీ. ఆఫీసుకి వెళ్లే ముందు రెండు గంటలు నీవి. ఆ రెండు గంటలూ ఎవరికీ ఇవ్వకు.

ఆ గంటల్లో ఏం చెయ్యాలంటే, ‘బ్లూ మంక్’ తీసుకో. పన్నెండు బార్ల (తాళావర్తాల) బ్లూస్, బి ఫ్లాట్ శ్రుతిలో. మొదట కుడిచెయ్యి ముట్టుకోకు. ఎడమచేత్తో ప్రతి కార్డ్‌కీ (ఒకేసారి మోగించే స్వరాల గుంపుకీ) రూట్, అంటే మూలస్వరం, దాన్నుంచి లెక్కిస్తే ఏడోదైన సెవెంత్, ఆ రెండే. తాళం కొట్టే మెట్రోనోమ్ రెండో బీటు మీదా నాలుగో బీటు మీదా మాత్రమే పడేలా పెట్టుకో, ఒకటి, మూడు నీ పాదం చూసుకోవాలి. బాణీ పైకి పాడుతూ వాయించు. శాక్సఫోన్ వాద్యకారుడు స్టీవ్ లేసీ 1960లో మంక్ మాటలు ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. డ్రమ్మర్ కాకపోయినా తాళం నీ బాధ్యతేనన్నదీ, కాలు ఆడిస్తూ మనసులో బాణీ పాడుకోమన్నదీ అందులో ఉన్నాయి. సోలో వాయించేటప్పుడు కూడా మంక్ ఆ బాణీని వదిలిపెట్టడు. బాణీ వదిలేసి ఆ స్వరాల గుంపుల మీద వేళ్లు పరిగెత్తించడం నీకు బాగా అలవాటైంది, అది కొన్నాళ్లు కట్టిపెట్టు.

తర్వాత ‘స్ట్రెయిట్, నో చేజర్’. అందులో చిన్న ముక్క ఒకటే తాళంలో వేరువేరు చోట్ల ఎత్తుకుంటూ వస్తుంది. చిన్నప్పుడు టీచర్ దగ్గర అతీత, అనాగత ఎడుపులు, అంటే తాళం మొదలుకి ముందో తర్వాతో పాట ఎత్తుకోవడం, నేర్చుకున్నావుగా, నీకు ఇది ఇట్టే పట్టుబడుతుంది.

పియానో మీద గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, పలకదని రాశావు. నిజమే, పలకదు. కానీ మంక్ ఏం చేసేవాడో చూడు. బి ఫ్లాట్ షడ్జం అనుకుంటే డి ఫ్లాట్ సాధారణ గాంధారం, డి అంతర గాంధారం. రెండు కీలూ ఒక్కసారే నొక్కి, వెంటనే డి ఫ్లాట్ వదిలెయ్. డి ఒక్కటే మోగుతూ ఉంటుంది, కానీ చెవికి ఆ రెండింటి మధ్య ఉన్న స్వరం జారినట్టు తోస్తుంది. చాలామంది తప్పు కీ తగిలిందనుకున్నారు. కాదు, కావాలని చేసిందే. ఇది చేత్తో పట్టుకునేదాకా వదలకు.

నెలకో కొత్త పాట రాస్తానన్నావు. వద్దు. మంక్ జీవితమంతా రాసినవి డెబ్బై దాకా ఉంటాయి, వాటినే దశాబ్దాల పాటు తిరగేసి మరగేసి వాయించాడు. ఏడాదికి రెండు చాలు. అవి నీ చేతిలో ముదరాలి.

రాసిన ప్రతిదానికీ తేదీ వేసి, స్వరలిపి, రికార్డింగ్ రెండూ భద్రం చేసుకో. ‘రౌండ్ మిడ్‌నైట్’ మంక్ పాట. 1944లో ట్రంపెట్ వాద్యకారుడు కూటీ విలియమ్స్ దాన్ని మొదట రికార్డు చేశాడు. హక్కుల్లో కూటీ పేరూ, సాహిత్యం రాసిన బెర్నీ హానిగెన్ పేరూ చేరాయి. ప్రపంచమంతా వాయించే ఆ పాట రాబడిలో మంక్‌కి వచ్చింది ఒక వాటా మాత్రమే. నేను చెన్నైలో రికార్డింగ్ థియేటర్లలో కీబోర్డు వాయించిన రోజుల్లో కూడా బాణీ ఒకరిదీ పేరు ఇంకొకరిదీ కావడం కళ్లారా చూశాను. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం స్వరకర్తకి రాయల్టీ హక్కు గట్టిగా ఇచ్చింది. పాట విడుదలయ్యాక స్వరకర్తలకీ గీతరచయితలకీ రాయల్టీ వసూలు చేసి పెట్టే ఐపీఆర్ఎస్ అనే సంస్థలో సభ్యత్వం తీసుకో. స్నేహితులే కదా అని ఎక్కడా చదవకుండా సంతకం పెట్టకు.

ఇంకొకటి, ఇది బతిమాలి చెప్తున్నాను. మంక్ మౌనాన్నీ, స్టేజి మీద గిరగిరా తిరగడాన్నీ గొప్పగా చెప్పుకునేవాళ్లు నీకు చాలామంది తగులుతారు. ఆయనకి మానసిక అనారోగ్యం ఉండేది, ఆసుపత్రుల పాలయ్యాడు. 1970ల మధ్య నుంచి పియానో దాదాపు ముట్టుకోలేదు. 1982లో పోయాడు. ఆ జబ్బు వల్ల సంగీతం రాలేదమ్మా, అది ఆయన సంగీతాన్ని మింగేసింది. నిద్ర తగ్గినా, మనసు బాగోలేకపోయినా డాక్టర్ దగ్గరకి వెళ్లు, నాకు చెప్పు.

ఈ నెలాఖరుకి ‘బ్లూ మంక్’ ఎడమచెయ్యి ఒక్కటే రికార్డు చేసి వాట్సాప్‌లో పంపు. ఫోన్ కింద, పాదం దగ్గర పెట్టు, నీ తాళం నాకు వినపడాలి. మీ నాన్నతో ఆదివారం నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న