కుళాయి డబ్బుకి వేరే ఖాతా

చిరంజీవి స్వాతికి, పెదనాన్న ఆశీస్సులు.

నీళ్లకీ డ్రైనేజీకీ అప్పు తేవడానికి మీ మునిసిపాలిటీ బాండ్లు అమ్మాలనుకుంటోందనీ, ఆ ఫైలు నీకే అప్పగించారనీ మీ నాన్న చెప్పాడు. మన ఇంటి పిల్ల ఇంత పని చూస్తోందంటే గర్వంగా ఉంది. టెన్షన్‌గానూ ఉంది.

మీటర్లు పెట్టించు, దొంగ కనెక్షన్లు తీయించు, ఆడిట్ ఏ ఏడాదికాయేడు పూర్తి చేయించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం ఇంకోటి. నేను అకౌంట్స్‌లో ఉన్న ఒక ఊళ్లో అప్పు చేసి భూగర్భ డ్రైనేజీ వేశారు. కుళాయి చార్జీలు బాగానే వసూలయ్యేవి, కానీ నేరుగా జనరల్ ఫండ్‌లో పడేవి. జీతాలకి కొంత, కాంట్రాక్టర్ల పాత బిల్లులకి కొంత, మంత్రి వస్తే షామియానాలకి కొంత. పంపుల కరెంటు బిల్లు మాత్రం "వచ్చే నెల చూద్దాం" అనేవారు. బకాయి పెరిగి కరెంటు కట్ చేశారు. మురుగు వీధుల్లోకి పొంగింది. ఇక చార్జీ ఎందుకు కట్టాలని జనం అడిగారు. వాళ్లదే న్యాయం. తర్వాత మళ్లీ అప్పుకి వెళ్తే, నీళ్ల మీద ఎంత వస్తోంది, ఎంత ఖర్చవుతోందని బ్యాంకువాళ్లు అడిగారు. ఆఫీసులో ఒక్కరూ చెప్పలేకపోయారు!

అందుకే ముందు కుళాయి డబ్బు ఖాతా వేరు చెయ్యి. 1998లో అహ్మదాబాద్ కార్పొరేషన్, రాష్ట్ర ప్రభుత్వం పూచీ లేకుండానే 100 కోట్ల బాండ్లు అమ్మింది. ఊళ్లోకి వచ్చే సరుకు మీద అప్పట్లో వసూలయ్యే ఆక్ట్రాయ్ పన్నులో కొంత ఎస్క్రో ఖాతాలో, అంటే వేరే పనికి తీయడానికి వీల్లేని ప్రత్యేక ఖాతాలో, పడేలా కట్టడి చేసింది. ఆ డబ్బు ముందు అప్పుకే. మీది చిన్న ఊరని జంకకు. 2002లో తమిళనాడులో కొన్ని చిన్న ఊళ్లకి కలిపి బాండ్ల మీద సుమారు 30 కోట్లు తెచ్చారు.

వసూళ్లు పెద్దవాళ్లతో మొదలుపెట్టు. పూరిగుడిసె కుళాయి కట్ చేసి ప్రభుత్వ ఆఫీసుల బకాయి వదిలేశావంటే నేను ఊరుకోను. 1993లో కంబోడియా రాజధాని నాంపెన్‌లో పంపిన నీళ్లలో 72 శాతం లెక్కకి వచ్చేవి కావు. ఎక్ సోన్ చాన్ అనే అధికారి సైనికాధికారులతో సహా అందరికీ మీటరు పెట్టి, బిల్లు కట్టించి దాన్ని పదిశాతం లోపుకి తెచ్చాడు.

నీ మీద అరిచేవాళ్లు ఉంటారు తల్లీ. భోజనం మాత్రం మానకు. గత మూడేళ్ల డీసీబీ రిజిస్టరు, అంటే ఎంత రావాలి, ఎంత వసూలైంది, ఎంత బకాయి అని రాసే పుస్తకం, కాపీలు నాకు పంపు. ఏ వార్డులో బకాయి పేరుకుందో నేను గుర్తు పెట్టి ఆదివారంలోగా వెనక్కి పంపుతాను.

మీ పెదనాన్న