ఒక్క లిథియం సెల్‌తో ఈఎస్‌పీ32: సెల్ నిండుగా ఉన్నా బోర్డు ఎందుకు రీసెట్ అవుతోంది?

కుండీల్లో తేమ కొలిచే ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్) బోర్డు 5 వోల్టుల పిన్నుకు 18650 లిథియం సెల్ కలిపానని, వైఫై మొదలవగానే రీసెట్ అవుతోందని మీరు రాశారు. ఈ తప్పు నేనూ చేశానండీ. బెంగళూరు మారతహళ్లిలో మా మేడ మీద, టమాటా కుండీల కోసం. తెర మీద ‘బ్రౌనౌట్’ (వోల్టేజీ పడిపోయింది) అని స్పష్టంగా కనబడుతున్నా వారం రోజులు ప్రోగ్రామునే తిట్టుకున్నాను.

చివరికి బోర్డే పాడైందనుకుని, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లాను. కౌంటరు వెనక పెద్దాయన “సెల్‌తోనా, అడాప్టరుతోనా?” అని అడిగారు. సెల్‌తో అనగానే కొత్త బోర్డు లోపల పెట్టేసి, మూడు కాళ్ల హెచ్‌టీ7833 అనే రెగ్యులేటర్ (వోల్టేజీని దించి నిలకడగా ఇచ్చే చిప్పు) ఒకటి చేతికిచ్చారు.

విషయం ఏమిటంటే, చాలా బోర్డుల్లో ఆ 5 వోల్టుల పిన్ను వెనక ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఉంటుంది. పూర్తి లోడు మీద దానికి అవుట్‌పుట్ కన్నా సుమారు 1.1 వోల్టులు ఎక్కువ అందాలి. 3.3 కావాలంటే 4.4 ఇవ్వాలి. మీ సెల్ నిండుగా ఉన్నప్పుడే 4.2! పైగా ఆ రెగ్యులేటర్ పనేమీ లేకపోయినా తన కోసమే దాదాపు 5 మిల్లీయాంప్‌లు లాగుతుంది, అంటే రోజుకు 120 మిల్లీయాంప్-అవర్లు. 2500 మిల్లీయాంప్-అవర్ల సెల్ మూడు వారాల్లో ఖాళీ. డీప్ స్లీప్‌లో, అంటే గాఢ నిద్రలో ఉన్నప్పుడు, ఈఎస్‌పీ32 చిప్పు తాగేది పది మైక్రోయాంప్‌లే. అతిథి అర ముద్ద తింటే వడ్డించేవాడు బస్తా ఖాళీ చేసినట్టు.

హెచ్‌టీ7833 తన కోసం వాడుకునేది నాలుగు మైక్రోయాంప్‌లు, 500 మిల్లీయాంప్‌ల దాకా ఇస్తుంది. దాని అవుట్‌పుట్‌ను 3.3 పిన్నుకు కలిపి, దగ్గరలోనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. వైఫై ఒక్కసారిగా గుంజినప్పుడు అదే ఆదుకుంటుంది. బోర్డు మీది ఎర్ర ఎల్ఈడీ, యూఎస్‌బీ చిప్పు కూడా కరెంటు తింటాయి. అందుకే తరువాత నేను అవేవీ లేని విడి ఈఎస్‌పీ32 మాడ్యూలుకు మారాను. సెల్ వోల్టేజీని బూస్టు చేసి (పెంచి) 5 వోల్టులు తెచ్చి మళ్లీ 3.3కు దించమని ఎవరైనా చెబితే వినకండి, రెండు చోట్లా నష్టమే.

ఇంతా చేశాక కూడా రీసెట్ అయితే, వైఫై నడుస్తుండగా సెల్ కొనల దగ్గర ఒకసారి, రెగ్యులేటర్ ఇన్‌పుట్ దగ్గర ఒకసారి వోల్టేజీ చూడండి. నా విషయంలో తేడా కనిపించింది: సెల్ హోల్డరులో స్ప్రింగు తుప్పు పట్టింది.