కండరాల పరిశోధనకి తొడ ముక్క ఇవ్వొచ్చా? తప్పకుండా ఇవ్వండి

కండరాల మీద స్టడీకి వాలంటీర్లు కావాలన్నారనీ, తొడలోంచి చిన్న ముక్క తీస్తారనీ, నొప్పెడుతుందా, ఒప్పుకోవచ్చా అనీ అడిగారు.

నిక్షేపంగా ఒప్పుకోండి. ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు నేనూ ఇచ్చాను.

పరగడుపున రమ్మన్నారు. పడుకోబెట్టి, తొడ బయటివైపు వెంట్రుకలు గీసి, మందుతో తుడిచి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. చురుక్కుమన్నది అక్కడొక్కచోటే. బ్లేడుతో గాటు పెట్టినప్పుడు ఏమీ తెలియలేదు. ఆ గాట్లోంచి ఐదు మిల్లీమీటర్ల లావున్న స్టీలు సూది దింపారు. దానికి పక్కన చిన్న కిటికీ ఉంటుంది. సిరంజితో గాలి లాగితే కండ ఆ కిటికీలోకి వస్తుంది, లోపలి బ్లేడు టక్కున కోస్తుంది. ఆ క్షణంలో లోలోపల నరం పట్టేసినట్టు ఒక బరువైన నొప్పి. ఊపిరి తీసుకునేలోపు పోయింది. ముక్కని ఫిల్టర్ పేపర్ మీద పెట్టి చూపించారు. నానిన బియ్యపు గింజలు రెండు మూడు అతికించినంత ఉంది, ముదురెరుపు. రక్తం అద్దేసి ద్రవ నత్రజనిలో పడేశారు. మర్నాడు మెట్లు దిగుతుంటే తొడ పట్టేసింది, అంతే.

ఈ సూదిని 1962లో వాడుకలోకి తెచ్చింది స్వీడన్ డాక్టర్ యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్. 1966లో ఆయనా, తోటి పరిశోధకుడు ఎరిక్ హల్ట్‌మనూ ఒకే సైకిల్‌కి చెరోవైపు కూర్చుని చెరో కాలితో ఒళ్లు హూనమయ్యేదాకా తొక్కారు. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు బాగా తిని, రెండు తొడల నుంచీ ముక్కలు తీసి చూశారు. తొక్కిన కాల్లో గ్లైకోజెన్, అంటే కండలో దాచిపెట్టుకున్న గ్లూకోజు నిల్వ, రెండో కాలికి దాదాపు రెట్టింపు! మారథాన్ ముందు రన్నర్లు అన్నం, పాస్తా దట్టించడానికి మూలం ఇదే. పెద్ద డాక్టర్లు తమ తొడలు తామే ఇచ్చుకుంటే మనకెందుకు భయం?

అసలు నా బాధ వేరే. కండలంటే మనవాళ్లకి జిమ్ము, ప్రోటీన్ పౌడర్ డబ్బా, అద్దం ముందు సెల్ఫీ. తిన్న అన్నం తాలూకు గ్లూకోజులో పెద్ద వాటా కండరాల్లోకి వెళ్తుందని ఎవరికీ పట్టదు. అదే బరువున్న తెల్లవాళ్లతో పోలిస్తే మనలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. షుగరు మన ఇళ్లలో ఇంతగా పాతుకుపోవడానికి అదో పెద్ద కారణం. అయినా కండరాల మీద జరిగిన స్టడీల్లో చాలావాటికి ఇచ్చింది పాశ్చాత్య దేశాల కుర్రాళ్ల తొడలే. మన తొడల గురించి మనం ఇవ్వకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఇంకో కోపం కూడా ఉంది. మా అమ్మకి మోకాళ్ల నొప్పులని వెళ్తే ఒక డాక్టరు "మెట్లెక్కొద్దమ్మా, కింద కూర్చోవద్దు, రెస్ట్ తీసుకోండి" అని పంపేశాడు. ఆ రెస్టుతోనే ఆవిడ చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవలేని స్థితికొచ్చింది. 1990లోనే బోస్టన్‌లో తొంభై ఏళ్ల వృద్ధుల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తిస్తే, పూర్తి చేసినవాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్లకి! అరవై రెండేళ్ల మా అమ్మకి రెస్టా? ఇప్పుడు ఫిజియో దగ్గర రోజూ కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేస్తోంది, కాలికి ఇసుక సంచి కట్టుకుని ఎత్తుతోంది. వాకింగ్ మంచిదే కానీ అదొక్కటే చాలదు. కాలు తడబడినప్పుడు చటుక్కున నిలబెట్టే వేగపు తంతువులు (కండలో త్వరగా బిగుసుకునే సన్నటి పోగులు) వయసుతో ముందు సన్నబడతాయి, వాటికి బరువు కావాలి.

మీ విషయానికొస్తే, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, మత్తుమందు పడకపోయినా ముందే చెప్పండి. సంతకం పెట్టేముందు కాగితం మొత్తం చదవండి, మధ్యలో మానేసే హక్కు మీకుంటుంది. మీ కండలో ఏ తంతువులు ఎంతున్నాయో రిపోర్టు ఇస్తారేమో అడగండి, చాలామంది సంతోషంగా చూపిస్తారు. వదులు ప్యాంటు వేసుకెళ్లండి, జీన్స్ అయితే కట్టు మీద ఎక్కదు.