యూదుల చిహ్నాల్లో నీలం, 7, 18: ఇవి అదృష్ట సంఖ్యలేనా?

యూదుల మతచిహ్నాల్లో నీలం రంగుకూ, 7, 18 వంటి సంఖ్యలకూ ఉన్న సంబంధమేమిటి, వాటిని అదృష్టసంఖ్యలుగా భావించవచ్చా అని మీరు అడిగారు. నేను జగిత్యాల ప్రాంతం నుంచి ఇజ్రాయెల్ వెళ్ళి, జెరూసలేంలో ఒక వృద్ధుని ఇంట్లోనే ఉంటూ ఆయనను చూసుకునే పని చేశాను. ఆ ఇంట్లో చూసినదీ, ఆయన చెప్పగా విన్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. నాకు అర్థమైనంతలో అక్కడ రంగుకు గానీ సంఖ్యకు గానీ సొంత మహిమ లేదు. చేయవలసిన ధర్మాన్ని గుర్తుచేయడమే వాటి పని.

ఇందుకు అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ త్సిత్సిత్, అంటే ప్రార్థనవేళ కప్పుకొనే తల్లీత్ అనే శాలువా నాలుగు మూలలకూ వేలాడే కుచ్చులు. వాటిని చూసి దేవుని ఆజ్ఞలను తలచుకోవాలని సంఖ్యాకాండం 15వ అధ్యాయం చివర ఉంది. ఒక్కో మూల రంధ్రంలో నాలుగు దారాలు దూర్చి మడిస్తే ఎనిమిది కొసలవుతాయి. ఐదు జంట ముడులు వేస్తూ, వాటి మధ్య అన్నిటికన్నా పొడవైన దారాన్ని వరుసగా 7, 8, 11, 13 సార్లు చుడతారు. ఆ తాతగారికి చేతులు వణికేవి. అయినా యూదుడు కానివాడు కట్టిన కుచ్చు వారి ధర్మశాస్త్రం ప్రకారం చెల్లదు గనుక, శాలువా అంచు కదలకుండా పట్టుకోవడమూ, ఆయనతో పాటు చుట్లు లెక్కపెట్టడమూ మాత్రమే నా వంతు. లెక్క తప్పిందన్న అనుమానం వస్తే చాలు, ఆయన అంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టేవారు.

హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యావిలువ ఉంది. మన కటపయాది పద్ధతిలో ‘ధీరశంకరాభరణం’ అన్న పేరులోని మొదటి రెండక్షరాలే అది 29వ మేళకర్త అని చెప్పినట్లు, అక్కడ కూడా పదమే సంఖ్యను చెబుతుంది. ఈ లెక్కను గెమత్రియా అంటారు. త్సిత్సిత్ అన్న పదం విలువ 600. దానికి 8 దారాలు, 5 ముడులు కలిపితే 613 వస్తుంది. యూదుల మూలగ్రంథమైన తోరాలో ఉన్న ఆజ్ఞలు సరిగ్గా అన్నేనని, వారి ప్రాచీన ధర్మచర్చల సంకలనమైన తల్ముద్ చెబుతుంది. మధ్యయుగపు యూదపండితుడు రషీ తన వ్యాఖ్యానంలో ఈ లెక్కనే చూపాడు. ఇక చుట్లన్నీ కలిపితే 39: దేవుని నాలుగక్షరాల నామం విలువ 26, ‘ఒక్కడు’ అన్న పదం విలువ 13. సెఫార్దీ (స్పెయిన్ మూలాలున్న యూదుల) సంప్రదాయంలో చాలామంది 10, 5, 6, 5 చుట్లు వేస్తారు, అంటే ఆ నామంలోని అక్షరాల విలువలనే వరుసగా చుడతారు.

ఆ నామం పట్ల భక్తి మామూలు అంకెల దాకా వచ్చింది. 15ను 10, 5 అక్షరాలతో రాస్తే దేవుని పేరే పడుతుంది గనుక 9, 6 అక్షరాలతో రాస్తారు. 16ను 9, 7తో రాస్తారు. తాతగారి ప్రార్థనపుస్తకం పుటసంఖ్యల్లో దీన్ని నేనే చూశాను. 8, 10 విలువలున్న అక్షరాలు కలిస్తే ‘జీవించి ఉన్న’ అన్న అర్థమిచ్చే ‘ఖాయ్’ అన్న పదం అవుతుంది గనుకనే పెళ్ళి కానుకలనూ, విరాళాలనూ 18 గుణిజాలలో ఇస్తారు. అది ఆశీర్వచనమే తప్ప గ్రహబలం కాదు.

నీలం కథ ఇంకా గొప్పది. కుచ్చులో ఒక దారానికి తెఖేలెత్ అనే నీలిరంగు వేయాలి. తెఖేలెత్ సముద్రాన్ని పోలి ఉంటుందని, సముద్రం ఆకాశాన్ని, ఆకాశం దేవుని మహిమాసింహాసనాన్ని పోలి ఉంటాయని తల్ముద్‌లో రబ్బీ (మతగురువు) మెయిర్ మాట. ఇది సముద్రజీవి నుంచి తీసే రంగు. దాని తయారీ వెయ్యేళ్ళకు పైగా మరుగున పడిపోవడంతో అందరూ తెల్లదారాలే కట్టుకుంటూ వచ్చారు. 19వ శతాబ్దం చివర పోలెండ్‌లోని రాద్జిన్ ఊరి రెబ్బె (యూదగురువు) ఒక కటిల్‌ఫిష్ సిరా నుంచి నీలాన్ని తయారు చేయించాడు. అది సిరారంగు కాదని, తయారీలో పుట్టిన ప్రష్యన్ బ్లూ అని 1913లో లండన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధనలో ఐజాక్ హెర్జోగ్ (తర్వాతి కాలంలో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ) చూపాడు. మ్యూరెక్స్ అనే సముద్రపు నత్తే అసలు జీవి కావచ్చునని తోచినా, దాని రంగు ఊదాగా వచ్చేది. 1980లలో ఇజ్రాయెల్‌లోని శెంకార్ కళాశాలలో రసాయనవేత్త ఓటో ఎల్స్‌నర్ ఆ చిక్కు విప్పాడు: రంగు ద్రావణరూపంలో ఉండగా ఎండ తగిలితే అందులోని బ్రోమిన్ ఊడిపోయి శుద్ధ నీలం మిగులుతుంది. రసాయనపరంగా అది మన నీలిమందే. అయినా మొక్క నుంచి తీసిన నీలాన్ని తెఖేలెత్ అని చెప్పి కట్టుకోవడాన్ని తల్ముద్ మోసమని గట్టిగా ఖండించింది. మ్యూరెక్స్ గుర్తింపును రబ్బీలందరూ ఒప్పుకోలేదు: తాతగారివి పూర్తిగా తెల్లకుచ్చులు, ఆయన మనవడివి నీలం కలిసినవి, ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ప్రార్థించేవారు.

7 సంగతికొస్తే, అది సృష్టిదినాలనూ, వారపు విశ్రాంతిదినమైన సబ్బాతునూ తలపిస్తుంది. ప్రాచీన జెరూసలేం ఆలయంలోని మెనోరా అనే దీపస్తంభానికి ఏడు దీపాలుండేవి. హనుక్కా అనే దీపాల పండుగ దీపస్తంభానికి మాత్రం తొమ్మిది: ఎనిమిది రాత్రులకు ఎనిమిది, వాటిని వెలిగించే దీపం ఒకటి. మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు, ఇలా పెంచుతూ, ప్రతి రాత్రీ వెలిగించే దీపాన్నీ కలుపుతారు గనుకనే కొవ్వొత్తుల పెట్టెలో 44 ఉంటాయి. కావాలంటే కూడి చూడండి.

మణికట్టుకు కట్టుకొనే ఎర్రదారం గురించి మీరు అడగలేదు గానీ, అదృష్టం మాట ఎత్తారు గనుక చెబుతున్నాను. జెరూసలేంలో ఆ ఆలయపు ప్రాంగణానికి మిగిలిన పశ్చిమగోడ దగ్గర దాన్ని యాత్రికుల చేతిలో పెట్టి డబ్బు అడుగుతారు. చాలామంది దాన్ని యూదమత చిహ్నమనే అనుకుంటారు. కానీ వేలికి ఎర్రదారం కట్టుకోవడాన్ని ప్రాచీన గ్రంథమైన తొసెఫ్తా అన్యుల ఆచారాల్లో చేర్చి నిషేధించింది. తాతగారి ఇంట్లో దాన్ని ఎవరూ కట్టుకోలేదు.