ఓనరు ఫోన్ ఎత్తకపోతే?

(కోల్డ్ స్టోరేజీల్లో, ఫ్యాక్టరీల్లో మేనేజరుగా పనిచేసి రిటైరైన మా కాలమిస్టు గుంటూరు నుంచి ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మాది గుంటూరు శివారులో మిర్చి కోల్డ్ స్టోరేజీ. నాన్నగారు పోయాక రెండేళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. ప్రమాదాలు, గొడవలు వచ్చినప్పుడు ఎలా నెగ్గుకురావాలో నాకూ మా మేనేజర్లకూ రిసార్టులో మూడు రోజులు శిక్షణ ఇస్తానని ఒక కన్సల్టెంటు వెంటపడుతున్నాడు. ఫీజు గట్టిగానే ఉంది. మాలాంటి చిన్న సంస్థకు ఇది అవసరమా సార్?

జవాబు: శిక్షణ అవసరమే. రిసార్టు సంగతి మీ ఇష్టం. డబ్బు కట్టే ముందు ఒక్క పని చేయండి. రాత్రి రెండింటికి, చాంబర్లను చల్లబరచడానికి వాడే అమ్మోనియా లీకై, మీ ఫోన్ స్విచాఫ్‌లో ఉంటే ప్లాంటు ఎవరు ఆపాలో మీ ఆపరేటర్‌ని అడిగించండి. మీరు స్వయంగా అడగొద్దు. మీ ముందైతే "నేనే ఆపేస్తాను సార్" అంటాడు.

ఎందుకంటున్నానో చెబుతాను. నేను మేనేజరుగా ఉన్న ఒక స్టోరేజీలో జరిగింది. ఏప్రిల్ నెల, సీజను మంచి ఊపు మీద ఉంది. చాంబర్ల నిండా టిక్కీలు (మిర్చి బస్తాలు), గేటు బయట లారీలు. సాయంత్రం ఏడింటప్పుడు కంప్రెసర్ రూములో ఒక గ్యాస్కెట్ పోయి అమ్మోనియా తన్నడం మొదలెట్టింది. ఆపరేటరుకు పదిహేనేళ్ళ అనుభవం. అమ్మోనియా ద్రవం నిలవుండే ట్యాంకు, అదే రిసీవర్, దాని దగ్గరి వాల్వు కట్టేసి కంప్రెసర్లు ఆపాలని నాకంటే అతనికే బాగా తెలుసు. అయినా ఆపలేదు. కిందటి సీజన్లో వాసన వచ్చిందని ఆపితే, "లోపల కోట్ల సరుకుంది, నన్నడక్కుండా ఆపడానికి నువ్వెవడివి" అని ఓనరుగారు హమాలీల ముందే నానా మాటలూ అన్నారు. అది మనసులో పెట్టుకుని ఈసారి నాకు ఫోన్ చేశాడు. నేను ఓనరుకు చేశాను. ఆయన తెనాలిలో పెళ్ళిలో ఉన్నారు. ఫోనేమో వాళ్ళావిడ హ్యాండ్‌బ్యాగులో, పక్కనే బ్యాండు మేళం. పదకొండుసార్లు చేశాను. ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. ఈలోపు ముఠా మేస్త్రి హమాలీలందర్నీ గేటు వైపు పరుగెత్తించాడు. ఆ రోజు గాలి వాటం కూడా గేటు వైపే. ఇద్దరు కళ్ళు కనపడక, ఊపిరాడక రోడ్డు మీదే కూలబడ్డారు. చివరికి తెగించి నేనే ఆపమన్నాను. ఆపడానికి పట్టింది రెండు నిమిషాలు.

ఇంతా చేసి సరుకుకు ఏమీ కాలేదు. గోడలకు ఇన్సులేషన్ ఉంటుంది కదా, తలుపులు తెరవకపోతే చలి గంటల తరబడి నిలుస్తుంది. ఎండుమిరప ఒక్క రాత్రిలో పాడయ్యే సరుకేం కాదు. మర్నాడు ఆపరేటరుకు మెమో ఇవ్వమన్నారు. ఇచ్చింది నేనే. ఆ కాగితం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెద్ద సంస్థల్లోనూ ఇదే జబ్బు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది ప్రాణాలు పోయాయి. సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా ఎవరూ మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. సైరన్ కొనడానికి డబ్బు చాలు. దాన్ని నొక్కినవాడికి మర్నాడు తిట్లు పడవన్న నమ్మకాన్ని మాత్రం యజమానే కలిగించాలి.

ఇక మీరు చేయాల్సింది. ఒక శనివారం సాయంత్రం టీ, పునుగులు తెప్పించి మేనేజర్లను, ఆపరేటర్లను, గుమస్తాను, ముఠా మేస్త్రిని, వాచ్‌మన్‌ని కూర్చోబెట్టండి. వాచ్‌మన్‌ని మరిచిపోకండి, రాత్రిపూట మీ సంస్థకు ఎండీ అతనే. చీటీలు ముందే రాసి పెట్టుకోండి. మొదటి చీటీ: కంప్రెసర్ రూములో ఘాటు వాసన. పది నిమిషాలు మాట్లాడుకోనిచ్చి రెండోది తీయండి: పక్క కాలనీవాళ్ళు గేటు దగ్గర గుమిగూడారు. ఆ తర్వాత: టీవీ విలేకరి మైకు పట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత: సరుకు దాచుకున్న రైతు ఫోన్ చేసి "నా కాయలు ఉన్నాయా పోయాయా" అంటున్నాడు. ఎవరు ఏం చేస్తారో వాళ్ళ నోటే చెప్పించండి. మీరు మాత్రం నోరు మెదపకూడదు. మీరు తెనాలి పెళ్ళిలో ఉన్నట్టు లెక్క. ఎక్కడెక్కడ అందరూ తల తిప్పి మీ మొహం చూస్తారో అదొక్కటి రాసుకోండి. మీ సంస్థలో లీకేజీలు అక్కడున్నాయి.

తర్వాత ఒక కాగితం మీద "వాసన తేడాగా ఉంటే ప్లాంటు ఆపే పూర్తి అధికారం షిఫ్టు ఆపరేటరుదే, అనవసరంగా ఆపినా ఏ చర్యా ఉండదు" అని రాసి, సంతకం పెట్టి కంప్రెసర్ రూము తలుపుకు అంటించండి. ఏదో ఒకరోజు అతను నిజంగానే అనవసరంగా ఆపుతాడు. ఆ రోజు మీరు ఎలా మాట్లాడతారన్నదే అసలు శిక్షణ, అందరూ చూస్తుంటారు.

గాలి ఎటు వీస్తోందో తెలిసేలా డాబా మీద ఒక గుడ్డ గొట్టం కట్టించండి. గాలికి అడ్డంగా పరుగెత్తాలని, ముక్కుకు తడి తువ్వాలు కట్టుకోవాలని హమాలీలకు కూడా తెలియాలి. అమ్మోనియా నీళ్ళలో ఇట్టే కరుగుతుంది గనక తడిగుడ్డ కొంత కాపాడుతుంది. అలాగని ద్రవంగా కారి మడుగు కట్టిన అమ్మోనియా మీద నీళ్ళు కొట్టొద్దు, ఇంకా ఎగదన్నుతుంది. ప్రమాదకర రసాయనాలు భారీగా నిల్వ ఉంచే సంస్థలు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలని 1989 నిబంధనలు చెబుతున్నాయి. మీది ఆ లెక్కలోకి రాకపోవచ్చు. అయినా చేయించండి, ఖర్చు పునుగులదే.

ప్రశ్న: విజయవాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో అడ్మినిస్ట్రేషన్ చూస్తున్నాను. విపత్తు ప్రణాళిక నూటిరవై పేజీల ఫైలుగా పక్కాగా ఉంది, తనిఖీల్లో ఎప్పుడూ మాట రాలేదు. ఇంకేం చేయాలి?

జవాబు: ఆ ఫైలు ఎక్కడుందమ్మా? సెల్లార్‌లోని రికార్డు రూములోనా? జనరేటర్ కూడా సెల్లార్‌లోనేనా? అయితే 2024 సెప్టెంబర్ 1 ఒక్కసారి గుర్తు చేసుకోండి. మా చెల్లెలు వాళ్ళది సింగ్‌నగర్. ముందురోజంతా మేం ఫోన్లలో మాట్లాడుకున్నది కృష్ణ గురించే, ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎంత వస్తోందని. సెప్టెంబర్ 2 నాటికి అక్కడ 11 లక్షల క్యూసెక్కులు దాటిన మాట నిజమే. వాళ్ళింట్లోకి వచ్చింది మాత్రం బుడమేరు వాగు. తెలిసిన ప్రమాదం వైపు తిరిగి కూర్చుంటే రెండోది వీపు వెనకనుంచి వస్తుంది. మీ ఫైల్లో ఎన్ని ప్రమాదాలు రాసుకున్నారో కాదు, ఏది రాయలేదో వార్డు నర్సుల్నీ, లిఫ్ట్ బాయ్‌నీ అడగండి.

ఇంకొకటి. ఆ పూట మా చెల్లెలి ఫోన్ ఛార్జింగ్ అయిపోయాక సొంత కొడుకు నంబరు కూడా గుర్తు రాలేదట. మీ నూటిరవై పేజీల్లోంచి ఒక్క పేజీ తీయండి: ఎవరు నిర్ణయిస్తారు, ఆ మనిషి లేకపోతే ఎవరు, వాళ్ళ నంబర్లు. లామినేషన్ చేయించి ప్రతి అంతస్తులో నర్సుల కౌంటరు దగ్గర తగిలించండి. మిగతా నూటపందొమ్మిదీ తనిఖీవాళ్ళకు.

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో ఒకరికి గాయమైంది. పరామర్శకు వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని మా పార్ట్‌నర్ అంటున్నాడు. వెళ్ళాలా, వద్దా?

జవాబు: వెళ్ళండి. కారణమేంటో విచారణ తేలేదాకా మాట్లాడొద్దు, అంతే. "ఎలా ఉన్నావు, ఇంటి ఖర్చులకు ఇబ్బంది లేకుండా నేను చూస్తాను" అనడానికి ఏ లాయరూ అడ్డు చెప్పడు. పైన చెప్పిన మా ఓనరుగారు ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆ ఇద్దరు హమాలీలకూ గుమస్తా చేత కవర్లు పంపారు. తీసుకున్నారు. తర్వాతి సీజనుకు ఆ ముఠా మొత్తం పక్క స్టోరేజీలో పనికి కుదిరింది.